దుమ్ములో ల్యాండింగ్: గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) కాల్ ఆలస్యమవుతోంది

ఎండిన దుక్కి నేలపై హెలికాప్టర్ దించడంలో క్రూకి శిక్షణ ఇస్తున్నాం. 40 అడుగుల దగ్గర తోక వెనక దుమ్ము లేస్తోంది. దుమ్ము ఎక్కడిదాకా వచ్చిందో తలుపు దగ్గరి క్రూ సభ్యుడు 'తోక, తలుపు, ముక్కు' అని వరసగా చెబుతున్నాడు. కానీ 'తలుపు' అనేసరికే పైలట్‌కి నేల కనబడటం లేదు.

హోవర్ (గాల్లో ఒకచోట నిలపడం) మానేసి నేరుగా దించాం, 2 గంటల దిశలో (కుడివైపు ముందుకి) ఒక పొదను గుర్తుగా పెట్టుకున్నాం. అప్రోచ్ (కిందికి దిగే దారి) కాస్త నిటారుగా చేస్తే దుమ్ము ఆలస్యంగా లేస్తోంది గానీ, చివర్లో పవర్ ఎక్కువ లాగాల్సి వచ్చి ఇంకా దట్టమవుతోంది. అసలు భయం వేరే: గుర్తు కనబడకుండా పోయాక తెలియకుండా పక్కకి జరిగితే ఒక స్కిడ్ (హెలికాప్టర్ కింద నేలకి ఆనే కడ్డీ) ముందు తగులుకుని బోల్తా పడొచ్చు.

గో-అరౌండ్ నిర్ణయాన్ని మీరు ఫలానా ఎత్తుకి ముడిపెడతారా, క్రూ కాల్‌కి ముడిపెడతారా? ఏ ఎత్తుకి, ఏ కాల్‌కి?