ఐవో జీమా గుహలో ఏడ్చినవాళ్లం కాకినాడ రేవును మరిచిపోవచ్చునా?

అమలాపురం నుంచి, చర్చ ప్రారంభిస్తూ:

పోయిన ఆదివారం మిత్రులం పదిమందిమి మా మేడ మీద తెర కట్టుకుని, క్లింట్ ఈస్ట్‌వుడ్ 2006లో తీసిన ‘లెటర్స్ ఫ్రమ్ ఐవో జీమా’ చూశాము. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1945 ఫిబ్రవరి 19న అమెరికా సేనలు జపానుకు చెందిన ఐవో జీమా అనే చిన్న దీవి మీద దిగాయి. గంధకపు ఆవిర్లు కక్కే ఆ నేలలో సొరంగాలు తవ్వుకుని కాచుకున్న జపాను సైనికులు ఇరవై వేలకు పైబడి ఉండగా, మార్చి 26న పోరు ముగిసేనాటికి ప్రాణాలతో పట్టుబడినవారు రెండు వందల పైచిలుకు మాత్రమే. సినిమా ఆ సొరంగాల లోపలినుంచి, ముఖ్యంగా సైగో అనే రొట్టెల దుకాణపు కుర్రవాడి వెంట నడుస్తుంది. తీసినవాడు అమెరికా దర్శకుడే అయినా మాటలు దాదాపు అన్నీ జపాను భాషలోనే ఉన్నాయి.

ముగిసేసరికి మాలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. మెట్లు దిగుతుండగా మా మామ్మ గుర్తుకు వచ్చింది. ఆవిడ పుట్టినిల్లు కాకినాడ జగన్నాథపురం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు, చంటిబిడ్డను చంకనేసుకుని, చేతికందిన గుడ్డలు మూటకట్టుకుని కోనసీమకు వచ్చేసిన మనిషి. ఆ తరువాత ఎన్నో ఏళ్ల వరకు విమానం చప్పుడు వినిపిస్తే చాలు, పొయ్యిలో మంట ఆర్పేసేదట. ఆ బాంబులు వేసిన దేశపు సైనికుల కోసం ఆవిడ మనవడు కన్నీరు కార్చడం తగునా అన్నదే నేను ఇక్కడ పెడుతున్న ప్రశ్న.

నా అభిప్రాయం దాచుకోను. ఓడిపోయే సైనికుడిని ఆఖరి నెలలలో మాత్రమే చూపించే కథ, అతడు తుపాకీ బలంతో ఊళ్లు ఏలిన రోజులను వదిలేస్తుంది. నీళ్లు లేక నాలుక పిడచకట్టిన మనిషిని చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది; కానీ అదే సైన్యం 1937లో చైనాలోని నాన్‌జింగ్ నగరంలో సాగించిన మారణకాండ గురించి ఒక్క మాటైనా చెప్పకుండా పుట్టించిన జాలి, మనకు తెలియకుండానే మన చేత క్షమాభిక్ష పత్రం మీద సంతకం పెట్టిస్తుంది.

రాజోలు నుంచి, చరిత్ర బోధించి విరమణ పొందిన ఉపాధ్యాయుడు:

మీ మామ్మగారి భయాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ బాంబులు వేసినవారెవరో కొంచెం దగ్గరగా చూద్దాము. ఆ విమానాలు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి ఎగిరినవి. ఆ నౌక అదే సంవత్సరం ఆగస్టులో సొలొమన్ దీవుల దగ్గర అమెరికా దాడిలో మునిగిపోయింది. దీనితో లెక్క చెల్లిపోయిందని నేను అనడం లేదు. దాడికి ఆజ్ఞ ఇచ్చినవారిని, విమానం నడిపినవారిని, ఎక్కడో తన దుకాణంలో పిండి కలుపుకుంటున్న సైగోను మీరు ఒకే తాటికి కట్టారు. నా అభ్యంతరం అక్కడే.

సైగో సైన్యంలోకి ఎలా వచ్చాడో గుర్తు చేసుకోండి. ముందు సైనిక పోలీసులు వచ్చి అతడి రొట్టెలు పట్టుకుపోయారు, తరువాత దుకాణంలోని సామగ్రినే ఇనుము కోసం ఎత్తుకుపోయారు, ఆఖరున ఒక రాత్రి ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి, నిండు గర్భిణి అయిన భార్య ఎదుట అభినందనలు చెబుతూ ఎర్ర కాగితం చేతిలో పెట్టారు. పొమ్మని పంపే ఆ కాగితం అందుకుని మొక్కవలసి వచ్చినవాడు యుద్ధం కోరుకున్నవాడని ఎలా అంటాము? దీవి మీదకు చేరాక కూడా అతడి ప్రాణానికి అమెరికా గుండు ఎంత ముప్పో, సొంత అధికారి కత్తి అంత ముప్పు. సురిబాచి కొండ గుహలో సైనికులు ఒక్కొక్కరే చేతిబాంబును గుండెకు హత్తుకుని చనిపోయే సన్నివేశంలో, ఆ పని చేయకుండా బయటికి నడిచిన సైగోను ఆ సైన్యం పిరికివాడన్నది. సినిమా మాత్రం ఆ పిరికితనం పక్షాన నిలబడింది. నేను ఇంతవరకు చూసిన యుద్ధ చిత్రాలలో బతకాలనుకోవడాన్ని ఇంత సూటిగా సమర్థించినది మరొకటి లేదు.

భీమవరం నుంచి ఒక పాఠకుడు:

మాస్టారూ, సైగో సంగతి ఒప్పుకుంటాను గాని, మిగిలిన మంచివాళ్లెవరో ఒకసారి చూడండి. సేనాపతి కురిబయాషి అమెరికాలో కొంతకాలం గడిపి వచ్చినవాడు. నిషి దొర 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో బంగారు పతకం తెచ్చుకున్నవాడు. ఇద్దరూ చరిత్రలో నిజంగా ఉన్నవారే, కాదనను. కానీ ఇంగ్లీషు తెలిసినవారంతా దయగలవారుగాను, దేశం దాటనివారంతా మూర్ఖులుగాను కనిపిస్తుంటే, అది ఓడినవాడి కథ అవుతుందా, లేక గెలిచినవాడు ఓడినవాడిలో తన ముఖం వెతుక్కున్న కథ అవుతుందా? మా జిల్లాలో అమెరికా వెళ్లి వచ్చిన పెళ్లికొడుక్కి దొరికే మర్యాదే ఆ సేనాపతికీ దొరికింది.

తాడేపల్లిగూడెం పక్కనుంచి, సైనిక కుటుంబీకుడు:

మాది మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే చాలామందికి తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మా ఊరి మగవాళ్లు వెళ్లారు. మా ముత్తాత 1944లో బర్మా సరిహద్దులో మిలిటరీ లారీ నడిపారు. ఇంఫాల్ దగ్గర జపాను సేన ఓడి వెనక్కి మళ్లిన దారి వెంట ఆయన వెళ్లారు. ఆ తిరుగు దారిలో తుపాకీ గుండ్లకంటే ఆకలీ జబ్బులే ఎక్కువమందిని చంపాయని చరిత్ర పుస్తకాలలోనూ చదివాను. ఆయన మాత్రం మా తాతయ్యతో ఒక్కటే చెప్పేవారట: “వాళ్ల సంచులలో గింజ లేదురా, గడ్డి ఉడకబెట్టుకున్న గిన్నెలున్నాయి.” అంతకు మించి అడిగితే లేచి చేలోకి వెళ్లిపోయేవారు. జపానువాళ్ల మీద ఆయనకు కోపం పోయిందని నేను చెప్పను. జపాను బొమ్మ ఉన్న క్యాలెండరును కూడా ఇంట్లో ఉంచనివ్వలేదు. ఆ గిన్నెల మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారేదని తాతయ్య అంటారు.

ఇంకొక సంగతి. అదే దారిన వెనక్కి వచ్చినవారిలో జపాను పక్షాన పోరాడిన నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు సైనికులు, అంటే మన దేశస్థులే ఉన్నారు. మరుసటి ఏడు ఎర్రకోటలో వాళ్ల మీద విచారణ మొదలయ్యేసరికి, ఓడిన ఆ పక్షం కోసం దేశమంతా వీధుల్లోకి వచ్చింది. గెలిచిన సేనలో జీతం తీసుకున్న మా ముత్తాతకు ఆ రోజుల్లో ఊళ్లో ఏ ముఖం పెట్టుకుని తిరగాలో తెలియలేదట. కాబట్టి ఓడిన పక్షం, గెలిచిన పక్షం అని మనం ఇక్కడ తేలికగా వాడుతున్న మాటలు మా ఇంట్లో అంత తేలికగా పలకవు.

అమలాపురం నుంచి, బదులుగా:

మాధవరంవారి మాట నన్ను చాలాసేపు ఆపింది. అయినా రాజోలు మాస్టారికి నా జవాబు మిగిలే ఉంది.

బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. యానాం పక్కనున్న మన కోరంగి రేవు పేరే వాళ్లకు జాతి పేరయింది. రంగూన్ రేవులో మూటలు మోసినవారు, రిక్షాలు లాగినవారు ఎందరో ఈ గోదావరి ఒడ్డు నుంచీ, పైనున్న విశాఖ, గంజాం ప్రాంతాల నుంచీ పోయినవారే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు అరకాను దారిన, మణిపురం దారిన కాలినడకన బయలుదేరగా, వేలమంది అడవిలోనే రాలిపోయారు. ఆ తరువాత జపాను సైన్యం సయాంకూ (నేటి థాయ్‌లాండ్) బర్మాకూ మధ్య 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించినప్పుడు, మలయా రబ్బరు తోటలలోని తమిళ, తెలుగు కూలీలను కూడా తరలించుకుపోయి చచ్చేదాకా పని చేయించింది. యుద్ధఖైదీలైన తెల్లవారి సమాధులకు అక్కడ పేర్లున్నాయి. మనవాళ్లలో ఎక్కువమందికి సమాధులే లేవు.

సైగో రొట్టెలు చేసేవాడు, సరే. ఆ రైలుకట్ట మీద కర్ర పట్టుకుని నిలబడినవాడు మాత్రం తన ఊళ్లో ఏదో ఒక దుకాణమో, పొలమో చూసుకునేవాడు కాడా? అతడికీ ఎర్ర కాగితమే వచ్చి ఉంటుంది. సామాన్యుడు అన్న మాటను మాస్టారు నిర్దోషి అన్న అర్థంలో వాడుతున్నారు. నాకు భయం వేసేది అక్కడే, ఎందుకంటే ఆ నేరాలన్నీ సామాన్యుల చేతులతోనే జరిగాయి.

రాజోలు నుంచి:

ఇది గట్టి మాట. సామాన్యుడిని నిర్దోషి అన్నట్టు నేను వ్రాసిన మాట నిజమే, దానిని సవరించుకుంటున్నాను.

అయితే ఏడుపు సంగతి వేరు. తిక్కన తెనిగించిన స్త్రీపర్వం మనకు ఉంది కదా. యుద్ధానికి ముందు దీవించమని వచ్చిన కొడుకుకు, ధర్మమెక్కడ ఉంటే జయమక్కడ అని తప్ప మరొక మాట చెప్పని గాంధారి, యుద్ధం ముగిశాక అదే కొడుకు శవం మీద పడి ఏడ్చింది. ఆ ఏడుపు దుర్యోధనుడి తప్పును తుడిచేసిందని ఎవరూ అనుకోలేదు.

పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు:

గాంధారి తన కొడుకు తప్పు ముందే చెప్పి తరువాత ఏడ్చింది, మాస్టారూ. అమలాపురంవారు అడుగుతున్నది ఆ ముందు మాట గురించే. ఇంకొకటి, మనవాళ్లు ఓడినవారిని పాడినప్పుడు కూడా దొరలనే పాడారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం మీద ఎన్ని బుర్రకథలు విన్నా తాండ్ర పాపారాయుడి కత్తి వినిపిస్తుంది గాని, కోటలో చచ్చిన బంటు ఇంటిపేరు కూడా వినిపించదు. ఆ లెక్కన రొట్టెలవాడిని నడిమధ్యన నిలబెట్టిన ఈ సినిమాకు నేను మార్కులు వేస్తాను.

కానీ మీరందరూ షిమిజును వదిలేశారు. సైనిక పోలీసుగా పనిచేస్తూ, ఒక ఇంట్లో మొరుగుతున్న కుక్కను చంపమని అధికారి ఆజ్ఞాపిస్తే, పెరట్లోకి తీసుకువెళ్లి గాలిలోకి కాల్చి వచ్చిన కుర్రవాడు. కుక్క మళ్లీ మొరగడంతో అధికారి తానే వెళ్లి దానిని కాల్చాడు, షిమిజును కొలువు నుంచి తీసేసి ఈ దీవికి తోలారు. ఒక కుక్కను చంపలేనివాడికి ఆ కొలువులో చోటు లేదంటే, అందులో మిగిలినవారు ఎలాంటివారో, వాళ్లు పరాయి దేశాలకు పోయి ఏమి చేసి ఉంటారో వేరే చెప్పాలా? ఆ ముందు మాట సినిమాలో ఉంది. గొంతెత్తి చెప్పలేదు, అంతే. పైగా లొంగిపోయిన ఆ షిమిజునే కాపలా ఉన్న అమెరికా సైనికుడు కాల్చి చంపుతాడు, మందుపాతరలు ఒంటికి కట్టుకుని చావు కోసం ఎదురుచూసిన మొండి అధికారి ఇతో మాత్రం ప్రాణాలతో పట్టుబడతాడు. గెలిచినవారిని కడిగిన ముత్యాలుగా చూపలేదన్నది భీమవరంవారు కూడా గమనించాలి.

అమలాపురం నుంచి:

అమ్మా, నిన్న రాత్రి ఆ కుక్క సన్నివేశం మళ్లీ చూశాను. మీరు చెప్పినది ఉన్నది. సగం ఒప్పుకుంటున్నాను. సగమే ఎందుకంటే, ఆ ఇల్లు కూడా జపానువారిదే. జపాను క్రౌర్యాన్ని చవిచూసినది జపాను కుక్కే. రంగూన్ ఇల్లు ఒక్కటీ తెర మీదకు రాలేదు.

రాజోలు నుంచి:

అలాగైతే జపానువారే తీసిన ఒకటి చూడండి. కోన్ ఇచికావా 1959లో తీసిన ‘ఫైర్స్ ఆన్ ది ప్లెయిన్’. ఫిలిప్పీన్స్‌లోని లేతె దీవిలో ఓడి, ఆకలితో తిరిగే తమురా అనే సైనికుడి కథ. గుహలోని సైగో కంటే దయనీయమైన స్థితి అతడిది. అలాంటివాడే పాడుపడిన ఒక ఊళ్లో, దాచుకున్న ఉప్పు కోసం వచ్చిన స్థానిక యువతి తనను చూసి కేక వేస్తే కాల్చి చంపి, ఆ ఉప్పు తీసుకుపోతాడు. మీరు అడుగుతున్న రెండు చేతులూ, ఆకలి చేయీ చంపిన చేయీ, అక్కడ ఒకే మనిషివి.

అమలాపురం నుంచి:

వచ్చే ఆదివారం దానికే తెర కడతాను. మాధవరంవారు వీలుంటే మీ తాతయ్యగారిని తీసుకురండి. మేడ మెట్లు ఎక్కలేరంటే కింద వరండాలోనే వేద్దాము.