ముక్కు మీద బేసల్ సెల్ కార్సినోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), 9 మి.మీ.: క్రీముతో సరిపోతుందా?

ప్రశ్న (మందుల షాపు, అమలాపురం వైపు)

68 ఏళ్ళ వరి రైతు. ముక్కు రెక్క మీద నల్లగా మెరిసే బొడిపె, మధ్యలో మానని పుండు. మూడేళ్ళుగా మెల్లగా పెరుగుతోంది. పులిపిరి అనుకుని రెండుసార్లు సున్నం, సోడా పెట్టి కాల్చారు. బయాప్సీలో నోడ్యులర్ (బొడిపెలా పెరిగే రకం) బేసల్ సెల్ కార్సినోమా అని వచ్చింది. ఇంట్లోవాళ్ళు ఆపరేషన్ వద్దు, ఇమిక్విమాడ్ క్రీము ఇవ్వండి అంటున్నారు. షుగరుంది, ఆస్పిరిన్ వాడుతున్నారు. ప్రాణానికి ముప్పుందా?

జవాబు 1 (చర్మవైద్యం)

ప్రాణానికి దాదాపు ముప్పు లేదండి. ఈ రకం ఒంట్లో వేరే చోటికి పాకడం నూటికి ఒకరిలో కూడా ఉండదు. వదిలేస్తే మాత్రం ఉన్నచోటే లోపలికి తింటూ పోతుంది, చర్మం అయ్యాక మృదులాస్థి. మనవాళ్ళ చర్మం మీద చాలాసార్లు నల్లగానే కనిపిస్తుంది, అందుకే పులిపిరనో పుట్టుమచ్చనో పొరబడతారు.

సున్నం పెట్టిన సంగతి సర్జన్‌గారికి తప్పక చెప్పండి. పైపొర కాలి మచ్చ కడుతుంది, కింద మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ మచ్చ చాటున పక్కకి జరుగుతాయి. ఇక హద్దు కంటికి ఆనదు.

5 శాతం ఇమిక్విమాడ్, వారానికి 5 రోజులు, 6 వారాలు: ఇది పైపైన పలచగా పాకే రకానికి, అదీ ఒంటి మీదో చేతుల మీదో ఉన్నవాటికి. ముక్కు మీద నోడ్యులర్‌కి ఇవ్వకండి.

జవాబు 2 (ప్లాస్టిక్ సర్జరీ)

సైజు చూసి తేలిగ్గా తీసుకోవద్దు. అదే వీపు మీదైతే చుట్టూ 4 మి.మీ. మంచి చర్మంతో కోసి కుట్టేస్తే చాలు. ముక్కు, కనురెప్ప, పెదవి, చెవి అలా కాదు, చిన్నదైనా తిరగబెట్టే చోట్లు. మోస్ సర్జరీ దొరికితే అదే మేలు. పొర తీసి అంచులన్నీ అప్పటికప్పుడు మైక్రోస్కోపు కింద చూసి, కణాలు మిగిలిన వైపే మళ్ళీ తీస్తారు.

దొరక్కపోతే మామూలుగా కోసి, ముక్కకి 12 గంటల వైపు దారం గుర్తు కట్టి పంపాలి. అంచులు శుభ్రం అని రిపోర్టు వచ్చాకే ఫ్లాప్ (పక్క చర్మాన్ని తిప్పి గాయం కప్పడం). ఎక్కువగా చెడేది ఇక్కడే. ఆ రోజే ఫ్లాప్ తిప్పేస్తారు, వారానికి అంచులో కణాలున్నాయని వస్తుంది, అప్పటికి ఏ అంచు ఎటు జరిగిందో చెప్పలేం.

మత్తు ఆ చోటు వరకే. ఆస్పిరిన్ సొంతంగా ఆపొద్దు.

మళ్ళీ ప్రశ్న

దాళ్వా కోతలయ్యాక చేయించుకుంటారట. లేదంటే కరెంటు (రేడియేషన్) పెట్టించండి అంటున్నారు.

జవాబు 2

కోతలదాకా కొన్ని వారాలైతే ఆగొచ్చు, పై ఏడాదికి మాత్రం నెట్టొద్దు. రేడియేషన్ ఆపరేషన్‌కి తట్టుకోలేనివాళ్ళకి. వారాల తరబడి తిరగాలి, తిరగబెడితే ఆ చర్మం మీద కోత సరిగా మానదు. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) చర్మవిభాగంలో ముందు చూపించండి, బయాప్సీ స్లైడ్లూ, ముక్కని మైనంలో పొదిగిన బ్లాకూ వెంట పంపండి, ఉత్త రిపోర్టు కాగితం చాలదు.

కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు. గాయం పూర్తిగా మానేదాకా చేలోకి దిగకూడదు.

జవాబు 1

తర్వాత ఆరు నెలలకోసారి మొహం, చెవులు, మెడ, వీపు అన్నీ చూపించాలి, ఒకటి వచ్చినవాళ్ళకి ఇంకోచోట కొత్తది రావడం మామూలే. తలపాగా ముక్కుకి నీడ ఇవ్వదు, తాటాకు గిడుగు ఇస్తుంది.