అప్‌డేట్: విశాఖ భవనాల లేయర్ (మ్యాపు పొర) ఇప్పుడు సాఫీగా నడుస్తోంది

భీమిలి నుంచి గాజువాక వరకు ఉన్న భవనాల షేప్‌ఫైల్‌ను (మ్యాపు డేటాను దాచే పాత తరహా ఫైలు) క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మ్యాపును కాస్త జరిపినా కంప్యూటర్ బిగుసుకుపోతోందని గత వారం అడిగాను. మీరు సూచించినట్టు దానిని జియోప్యాకేజీ అనే కొత్త తరహా ఫైలులోకి మార్చి, స్పేషియల్ ఇండెక్స్ (ఏ భవనం ఎక్కడుందో త్వరగా వెతికే సూచిక) ఉందని సరిచూసుకున్నాక, తెర మీది మేరకు పడే భవనాలనే సాఫ్ట్‌వేర్ వెతికి తెస్తోంది. మధురవాడ వీధులు రెండు మూడు సెకన్లలో వస్తున్నాయి. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేర్లు 10 అక్షరాల దగ్గరే తెగిపోయే బాధ కూడా తప్పింది.

అయితే సగం తప్పు నాదే. లేయర్ అక్షాంశ రేఖాంశాల్లోనూ, ప్రాజెక్టు యూటీఎం 44 ఉత్తర మండలంలోనూ (స్థానాలను మీటర్లలో చెప్పే పద్ధతి) ఉండడంతో, జరిపిన ప్రతిసారీ లక్షల బిందువులను అప్పటికప్పుడు మార్చాల్సి వచ్చేది. ఇప్పుడు రెండింటినీ ఒకే వ్యవస్థలోకి తెచ్చి, 1:25,000 కన్నా చిన్న స్కేలులో, అంటే మ్యాపును అంతకన్నా దూరం నుంచి చూసినప్పుడు, లేయర్ కనిపించకుండా పెట్టాను. కైలాసగిరి వైపు ఉపగ్రహ చిత్రానికి పిరమిడ్లు (త్వరగా తెరుచుకునేందుకు తక్కువ వివరాలతో ముందే చేసిపెట్టే నకళ్లు) కట్టడం మాత్రం ఇంకా మిగిలి ఉంది.