గ్లూవైన్‌ని మరిగించాలా, వేడిచేస్తే చాలా?

చలిమంట (లైప్‌జిగ్)
శనివారం మా ఇంటికి ఏడుగురు వస్తున్నారు. ఇక్కడి క్రిస్మస్ మార్కెట్లలో దొరికే గ్లూవైన్ ఈసారి ఇంట్లోనే కాచాలని ఉంది. జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నా: రెడ్ వైన్‌లో దాల్చినచెక్క, లవంగాలు, నారింజ, చక్కెర వేసి వేడివేడిగా తాగుతారు. కప్పులో కొంచెం రమ్ము కూడా పోస్తే 'మిట్ షుస్' అంటారు. నేను చేయాలనుకుంటున్నది అదే.

పోయినేడు మసాలా టీ కాచినట్టు అన్నీ ఒకేసారి వేసి అరగంట తెర్లించాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది, కప్పులో మాత్రం పులుపు, చేదు తప్ప ఏమీ మిగల్లేదు. మరిగించడంలో తప్పు లేదు, చక్కెరే తక్కువైందని మా రూమ్మేట్ అంటున్నాడు. మీరేమంటారు?

మిరియం (మ్యూనిక్)
నా ఓటు మీ రూమ్మేట్‌కే. దాల్చినచెక్క, అనాసపువ్వు గట్టి సరుకు, మరగనిదే సారం దిగదు. బిర్యానీకి ఎసట్లో మసాలా వేసి, అది బాగా మరిగాకే కదా బియ్యం వేసేది! గోరువెచ్చటి వైన్‌లో లవంగం ఊరికే తేలుతుంది. నేను ఆరేళ్ళుగా అరగంట మరిగిస్తున్నా, చక్కెర దండిగా వేస్తా. ఇంతవరకూ ఎవరూ బాగాలేదనలేదు.

నారింజతొక్క (డ్రెస్డెన్)
మసాలా మరగాలి, వైన్ మరగకూడదు. రెండింటినీ ఒకే గిన్నెలో ఒకేసారి వేయడం వల్లే ఈ గొడవంతా. పులుసు మరిగేకొద్దీ రుచి. చారు మాత్రం ఒక్క పొంగు రాగానే దించాలి, లేకపోతే సువాసన పోతుంది. వైన్‌ది చారు స్వభావం. చలిమంట గారూ, ఇల్లంతా ఘుమఘుమలాడిందన్నారు చూడండి, ఆ వాసన కప్పులో ఉండాల్సింది.

ఆల్కహాల్ ఒక్కటే అయితే 78 డిగ్రీలకే మరుగుతుంది. వైన్‌లో నీళ్ళతో కలిసి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా ఎగిరిపోదు. కానీ వేడి పెరిగేకొద్దీ ఆల్కహాలు, పండ్ల వాసన ముందు వెళ్ళిపోతాయి, పులుపు, వగరు అక్కడే ఉండి చిక్కబడతాయి. చేదు విషయానికొస్తే, నారింజ తొక్క కింద ఉండే తెల్లపొర కూడా పడి ఉంటుంది. పైపైన పల్చగా చెక్కాలి.

నేను చేసేది చెబుతా. ఒక సీసా వైన్‌కి, అంటే 750 మిల్లీలీటర్లకి, ఒక కప్పు నారింజ రసం, 70 గ్రాముల చక్కెర, రెండు దాల్చినచెక్కలు, ఐదు లవంగాలు, ఒక అనాసపువ్వు, మూడు చితక్కొట్టిన యాలకులు. వైన్ తప్ప మిగతావన్నీ చిన్న గిన్నెలో పది నిమిషాలు బాగా మరిగించండి. వేలితో ముట్టుకుంటే జిగురు తగలాలి, కానీ పాకం కాకూడదు. మూత పెట్టి పావుగంట వదిలేయండి. గట్టి సరుకు సారమంతా అక్కడే దిగిపోతుంది, మిరియం గారి మాట అక్కడ పూర్తిగా నిజం. తర్వాత వైన్ పోసి సన్నటి సెగ మీద పెట్టి దగ్గరే నిలబడండి. ముందు గిన్నె అంచు వెంట ఆవగింజంత బుడగలు పడతాయి, సన్నగా ఆవిరి లేస్తుంది, మధ్యలో మాత్రం కదలిక ఉండదు. థర్మామీటర్ ఉంటే 70 డిగ్రీలు. అక్కడే కట్టేయండి. రమ్ము గిన్నెలో వద్దు, కప్పులో 20 మిల్లీలీటర్లు పోసి దాని మీద వేడి వైన్ పోయండి.

లవంగాలు ఐదు దాటనివ్వొద్దు. దాటితే పంటినొప్పికి పెట్టే లవంగ నూనె వాసన వస్తుంది. పొడులు అసలు వద్దు, దాల్చినచెక్క పొడి జిగటగా అడుగున పేరుకుంటుంది. ఖరీదైన వైన్ కూడా అక్కర్లేదు, ఓక్ పీపాల వాసన లేని మామూలు రెడ్ వైన్ చాలు.

మా ఊళ్ళో స్ట్రీట్సెల్‌మార్క్ట్ అనే క్రిస్మస్ మార్కెట్ 1434 నుంచి జరుగుతోంది. ఏటా వెళ్తాను. ఏ దుకాణంలోనూ గ్లూవైన్ కుతకుతలాడటం చూడలేదు.

మిరియం
సరే, మసాలా విడిగా మరిగించడం మంచి పద్ధతే. కానీ నేను మరిగించేది రుచి కోసమొక్కటే కాదు. మా ఆవిడ మందు తాగదు. అరగంట మరిగితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుంది కాబట్టి ఇంట్లో అందరం ఒకే గిన్నెలోంచి తాగుతాం. రమ్ము కావాల్సినవాళ్ళు కప్పులో పోసుకుంటారు.

కషాయం (స్టుట్‌గార్ట్)
మిరియం అన్నయ్యా, దయచేసి ఇది చదవండి. ఎగిరిపోదు.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ఒకటుంది, వంటలో ఎంత ఆల్కహాల్ మిగులుతుందో చెబుతుంది. పావుగంట ఉడికితే 40 శాతం, అరగంటకి 35, గంటకి 25, రెండున్నర గంటలు ఉడికినా 5 శాతం మిగులుతుంది. గిన్నె వెడల్పుని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ సున్నా మాత్రం కాదు. మన లెక్కలో చూద్దాం. 12 శాతం వైన్ సీసాలో 90 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. అందులో 35 శాతం అంటే 31 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే 42.8 శాతం విస్కీలో చూసుకుంటే రెండు చిన్న పెగ్గుల కంటే ఎక్కువే. వదిన గారు తాగదు అనుకుంటూ తాగుతున్నది అందులో వాటానే.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట నేను ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు తెలిసినవాళ్ళింట్లో 'బాగా మరిగించాం, ఏమీ ఉండదు' అని కప్పు చేతికిచ్చారు. సగం తాగాక అనుమానం వచ్చి ఆపేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాప ఆరోగ్యంగానే పుట్టింది, అయినా డెలివరీ దాకా ఆ టెన్షన్ నన్ను వదల్లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నిజంగానే అలా నమ్మారు.

బండి నడిపేవాళ్ళకీ ఇదే చిక్కు. జర్మనీలో 21 ఏళ్ళ లోపు వాళ్ళకి, లైసెన్స్ ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి ఒక్క చుక్క కూడా తాగి నడపకూడదు.

తాగనివాళ్ళకి వేరే గిన్నె పెట్టండి. ఇక్కడ పిల్లల కోసం కిండర్‌పున్ష్ చేస్తారు. నేను యాపిల్ రసం, ఎర్ర మందారపు టీ సమానంగా తీసుకుని అవే మసాలాలు, నాలుగు అల్లం ముక్కలు వేసి హాయిగా తెర్లిస్తాను. ఆ టీ మన గోంగూర జాతి మొక్కదే, పులుపూ అలాగే ఉంటుంది, రంగు వైన్‌లాగే ఉంటుంది. ఎంత మరిగినా చెడేదేం లేదు.

నారింజతొక్క
కషాయం అక్క చెప్పింది ముందు నేను చెప్పాల్సింది. ఇంకో సంగతి. గ్లూవైన్ అని పేరు పెట్టి అమ్మాలంటే కనీసం 7 శాతం ఆల్కహాల్ ఉండాలని యూరోపియన్ యూనియన్ నిబంధన. అరగంట తెర్లించినది ఆ పేరుకీ చాలదు, మందు లేనిదీ కాదు.

తాగాక ఒళ్ళు వేడెక్కిందని బాల్కనీలో కోటు తీసి నిలబడకండి. చర్మం కింది రక్తనాళాలు వెడల్పై వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతూ ఉంటుంది.

మిరియం
ఆ లెక్క చదివి ఇంట్లో చూపించాను. ఇన్నేళ్ళూ తెలియక ఇచ్చాను, ఆమెకి క్షమాపణ చెప్పుకున్నాను. ఇక నుంచి రెండు గిన్నెలు. కానీ రుచి మాట మాత్రం ఒప్పుకోను. బాగా కాగి చిక్కబడిన ఆ రుచి నాకిష్టం, నా కప్పు వరకూ నేను మరిగించుకుంటాను.

చలిమంట
నిన్న ఒక సీసా రెండు భాగాలు చేసి చూశాం. ఒకటి రూమ్మేట్ పద్ధతి, ఒకటి నారింజతొక్క గారిది. వాడు రెండోది తాగి ఏమీ అనలేదు, మళ్ళీ కప్పు పట్టుకొచ్చాడు. శనివారం వచ్చేవాళ్ళలో ఇద్దరు తాగరు, ఒకరు కారు తెస్తున్నారు. కషాయం అక్కా, మందారపు టీ కొన్నాను. రెండూ ఒకే రంగులో ఉంటాయంటున్నారు కదా, గిన్నెలకి చీటీలు అంటిస్తే సరిపోతుందా?

కషాయం
చీటీ ఆవిరికి ఊడిపోతుంది తమ్ముడూ. కప్పులే వేరువేరు రంగులవి పెట్టు. గరిటెలూ రెండు పెట్టు, ఒక దాంట్లోది ఇంకో దాంట్లో ముంచకుండా చూసుకో.