డచ్ వాళ్ళ 'లెక్కర్' అంటే రుచి అనేనా?

ప్రశ్న (చెన్నై, వేళచ్చేరి నుంచి):
తరమణిలో ఉద్యోగం, క్లయింట్ ఆమ్‌స్టర్‌డామ్. అక్కడి వాళ్ళకి 'లెక్కర్' ఊతపదం. భోజనం బాగుంటే లెక్కర్, ఎండ కాస్తే లెక్కర్. ఈరోజు వాళ్ళ మేనేజర్ కాల్‌కి రాలేదు, "లెక్కర్‌గా లేదు" అని మెసేజ్ పెట్టారు. డిక్షనరీలో 'రుచికరం' అని ఉంది. దక్షిణాఫ్రికా వాళ్ళ నోట కూడా ఇదే మాట విన్నాను. అసలు ఎక్కడిదండీ ఇది?

జవాబు (పెరంబూర్ నుంచి):
రుచితోనే మొదలైందండీ, అక్కడ ఆగలేదు. డచ్‌లో 'లిక్కెన్' అంటే నాకడం. దాన్నుంచి వచ్చిందే లెక్కర్. ఇప్పుడు ఒంటికి హాయినిచ్చేదేదైనా లెక్కరే. "స్లాప్ లెక్కర్" అంటే హాయిగా పడుకో. మీ మేనేజర్‌గారికి ఒంట్లో బాగోలేదు, అంతే. ఒక్క జాగ్రత్త: మనిషిని లెక్కర్ అంటే శరీరాన్ని చూసి అన్నట్టు అవుతుంది. ఆఫీసులో ఎవర్నీ అలా అనకండి.

నాకు ఇందులో ప్రాణం లేచొచ్చే సంగతి వేరే ఉంది. డచ్ లిక్కెన్, ఇంగ్లిష్ లిక్, సంస్కృతంలో 'లిహ్' ధాతువు, మూడూ ఇండో-యూరోపియన్ అనే ఒకే భాషా కుటుంబంలో ఒకే మూలానివి. ఆ లిహ్ నుంచే మన లేహ్యం! భక్ష్య, భోజ్య, లేహ్య, చోష్యాలు అంటామే, అదే. దీపావళి తెల్లవారుజామున తలంటి కాగానే ఇక్కడ శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి వేసి ఉడికించిన నల్లటి ముద్ద వేలితో తీసి నోట్లో పెడతారు. తమిళంలో లేగియం. గొంతు మండుతుంది, ఆ వెంటనే నెయ్యి కమ్మదనం తగులుతుంది. లెక్కర్‌కి అది దూరపు చుట్టం.

ఇంకో జవాబు (అన్నానగర్, కొన్నాళ్ళు జొహానెస్‌బర్గ్‌లో ఉన్నాను):
1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ దక్షిణాఫ్రికాలోని కేప్‌లో స్థావరం పెట్టింది. అక్కడి డచ్చే మారుతూ మారుతూ ఆఫ్రికాన్స్ అయింది, 1925లో అధికార భాష హోదా వచ్చింది. లెక్కర్ మాత్రం చెక్కుచెదరలేదు. 'లెక్కర్స్' అంటే అక్కడ మిఠాయిలు. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్ళు కూడా "లోకల్ ఈజ్ లెక్కర్" అంటారు. అదే కంపెనీ 1613లో మన పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టింది. ఆదివారం ఖాళీ ఉంటే వెళ్ళి డచ్ సమాధులు చూడండి, రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు ఇంకా ఉన్నాయి.

అడిగినవారు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. మేనేజర్‌గారికి తిరిగి ఏమని పెట్టాలి?

పెరంబూర్ నుంచి:
"బేటర్‌స్ఖాప్" అని పెట్టండి. త్వరగా కోలుకోండి అని.