పెరట్లో కాంక్రీటు షూటింగ్ బెంచి: పలక ఎంత మందం పొయ్యాలి?

టెక్సస్‌లో ఆస్టిన్‌కి తూర్పున మాకు 12 ఎకరాలుంది. నేల నల్లరేగడి. రైఫిల్ ప్రాక్టీసుకి చెక్కబల్ల వాడుతున్నా గానీ, మోచెయ్యి కదిపితే చాలు స్కోపులో (రైఫిల్ మీది దుర్బిణిలో) గురి ఊగిపోతోంది. 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవున కాంక్రీటు పలక వేద్దామనుకుంటున్నా. 4 అంగుళాల మందం చాలా? విడిగా పోసి కాళ్ళ మీదికి ఎత్తొచ్చా?

జవాబు:
చాలన్నా. ఎత్తే ఆలోచన మాత్రం మానెయ్, ఆ పలక వెయ్యి పౌండ్లుంటుంది. కింద సెంట్రింగ్ కొట్టి అక్కడే పొయ్యి. 80 పౌండ్ల బస్తాలు డజను పడతాయి. అరంగుళం ఊచలు అడుగుకొకటి, రెండు వైపులా కట్టు.

జవాబు:
మాది గుంటూరు జిల్లా, తాపీపని చేసే ఇల్లు. పలక కంటే ముందు నేల సంగతి చూడండి. రేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. కాళ్ళకి విడివిడి గుంటలు తీస్తే ఒక్కోటి ఒక్కో వైపు లాగుతుంది. ఊచలు కట్టిన ఒకే దిమ్మె మీద మూడు కాళ్ళూ లేపండి, కదిలినా అన్నీ కలిసి కదులుతాయి. కూర్చునే స్టూలు ఆ దిమ్మెకి తగలకూడదు. తగిలితే మీరు కదిలిన ప్రతిసారీ ఆ అదురు తుపాకీకి చేరుతుంది. వారం పాటు తడి గోనెలు కప్పి ఉంచండి. పూర్తి బలానికి 28 రోజులు.

జవాబు:
గురి ఉత్తరం వైపు పెట్టండి, పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ కళ్ళలో పడదు. పోశాక తిప్పలేరు కదా! తూటాలు ఆగేలా ఎదురుగా రాళ్ళు లేని మట్టితో ఎత్తుగా కట్ట పొయ్యండి. టెక్సస్‌లో ఊరి హద్దు బయటి సబ్‌డివిజన్లలో (ప్లాట్లుగా విడగొట్టిన లేఅవుట్లలో) 10 ఎకరాలు, అంతకంటే చిన్న స్థలాల్లో కాల్పులను కౌంటీ (మన జిల్లా లాంటిది) నిషేధించొచ్చు. మీది పెద్దదే అయినా ముందే కౌంటీలో అడగండి.