జింజర్‌లో దాక్కున్న మన వేరు

ఇంగ్లీషు 'జింజర్' సంస్కృతం శృంగవేరం నుంచి వచ్చిందని, శృంగం అంటే కొమ్ము కాబట్టి కొమ్ములాంటి ఆకారం ఉన్నదని అర్థమని చెప్పి చాలామంది అక్కడితో ఆపేస్తారు. శొంఠి కొమ్ము, పసుపు కొమ్ము అని మనమూ అంటాం కదా, అందుకని ఇట్టే నమ్మబుద్ధేస్తుంది. సరే, మరి ఆ చివరి 'వేర' ఏమిటండీ? శరీరం అని లాగి అర్థం చెప్తారు గానీ అది అతకదు.

తమిళంలో, మలయాళంలో అల్లాన్ని ఇంజి అంటారు. దానికి 'వేర్' కలపండి. ఆ వేర్ అన్నది మన తెలుగు 'వేరు' అనే మాటే, చెట్టు వేరు! అంటే కొమ్ము సంగతి తర్వాత ఎవరో తమకు తెలిసిన మాటతో పోల్చుకుని అతికించుకున్నది.

ఇంజిలో లేని 'స', పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో అల్లానికున్న 'సింగివేర' అనే మాటలోకి ఎలా వచ్చిందని అడగొచ్చు. రాలేదు, ముందునుంచీ ఉన్నదే, తమిళంలో రాలిపోయింది. మాట మొదట్లో ఉండే చ/స ఇలా ఊడిపోవడం మన భాషల్లో కొత్తేమీ కాదు, మనం 'ఆరు' అనే అంకెని గోండులు 'సారుంగ్' అంటారు చూడండి. అందుకే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు దీని పాత రూపం 'చింకి-వేర్' లాంటిదని చూపించారు.

అక్కణ్ణుంచి దారి తెలిసిందే. గ్రీకులో జింగిబెరిస్, లాటిన్‌లో జింగిబెర్, అరబ్బీలో జంజబీల్ (ఖురాన్ 76వ సూరాలో ఉంది), పాత ఇంగ్లీషులో గింగిఫర్ లాంటి రూపం, ఆపైన ఫ్రెంచివాళ్ల ప్రభావంతో ఇప్పటి జింజర్. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ దీని ధర పౌండుకి 6 డినారీలని (రోమన్ వెండి నాణేలు) రాస్తూ, ఇది మిరియాల చెట్టు వేరని కొందరు అనుకుంటారు గానీ కాదని కూడా చెప్పాడు. సరుకు తప్ప మొక్కని ఎప్పుడూ చూడనివాళ్లు ఇంకేం అనుకుంటారు పాపం.

ఇంకో రెండు మాటలు. 'జింజర్‌బ్రెడ్'లో బ్రెడ్ మొదట రొట్టె కాదు, నిల్వ పెట్టిన అల్లానికి పాత ఫ్రెంచిలో ఉన్న 'జింజంబ్రా' అనే మాట తోకని ఇంగ్లీషువాళ్లు బ్రెడ్ చేసేశారు. మన శృంగంలాగే! 'జింజర్లీ' అంటే మెల్లగా, జాగ్రత్తగా అని, దానికి అల్లంతో ఏ చుట్టరికమూ లేదు.

ఇంతకీ మనం పచ్చిదాన్ని అల్లం అని, ఎండినదాన్ని శొంఠి అని అంటాం, ఈ రెంటిలోనూ ఇంజి జాడ లేదు. మన దగ్గర మిగిలింది ఆ వేరొక్కటే.